వంశంలో వ్యాధిని చదివిన వైద్యుడు ఆల్డ్రెడ్ వార్థిన్

మన పూర్వులు రాచపుండు అని పిలిచిన క్యాన్సర్ కొన్ని కుటుంబాలలో తరతరాలుగా ఎందుకు పుడుతుందో శ్రద్ధతో ఆరా తీసిన తొలితరం వైద్యులలో అగ్రగణ్యుడు ఆల్డ్రెడ్ స్కాట్ వార్థిన్. ఆయన 1866లో అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని గ్రీన్స్‌బర్గ్ పట్టణంలో జన్మించాడు. తొలుత సంగీతం అభ్యసించి పియానో నేర్పే అర్హత సంపాదించాడు. పిదప మనస్సు వైద్యం వైపు మళ్లింది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1891లో వైద్యపట్టం పుచ్చుకొని, అక్కడే వ్యాధినిదాన శాస్త్రానికి ఆచార్యుడైనాడు.

1895లో ఆయన పరిచయస్థురాలైన ఒక కుట్టుపని స్త్రీ దిగులుగా కనిపించింది. కారణమడిగాడు. తన వారిలో చాలమంది కడుపులోనో, ప్రేవులలోనో, గర్భాశయంలోనో క్యాన్సర్ పుట్టి చనిపోయారనీ, తనకూ అదే గతి తప్పదనీ ఆమె చెప్పింది. మరొక వైద్యుడైతే నాలుగు ఓదార్పు మాటలతో సరిపుచ్చేవాడేమో! వార్థిన్ ఆమె వంశవృక్షాన్ని వ్రాయడం మొదలుపెట్టాడు. ఆమె భయపడినట్లే చిన్న వయస్సులోనే గర్భాశయ క్యాన్సర్‌తో మరణించింది. ఆయన సేకరణ మాత్రం ఆగలేదు. 1913లో ఈ వంశాన్ని 'జి కుటుంబం' అనే పేరుతో వైద్యలోకం ముందుంచాడు. 1925లో మరికొంత వివరం చేర్చాడు. ఆనాటి వైద్యులు దానిని అంతగా పట్టించుకోలేదు.

ఇంతమాత్రాన ఆదోని ప్రత్తి వ్యాపారికో, ఎమ్మిగనూరు నేతగానికో పెద్దప్రేవులో క్యాన్సర్ వస్తే వంశదోషమని తీర్మానించరాదు. ఈ వ్యాధిలో అధికభాగం వంశంతో నిమిత్తం లేకుండా, సాధారణంగా యాభై యేండ్లు దాటిన పిమ్మట వచ్చేదే. మగ్గం ఎరిగినవారికి భేదం సులభంగా బోధపడుతుంది. కణంలోని ప్రతి జన్యువూ రెండు పోగులు కలిపి పురివేసిన నూలువంటిది. ఒక పోగు తల్లిది, రెండవది తండ్రిది. రెండూ తెగితేనే చేటు. సామాన్యునికి రెండు పోగులూ ఒకే కణంలో తెగడానికి దీర్ఘకాలం పడుతుంది. జి కుటుంబం వంటి ఇండ్లలో ఒక పోగు పుట్టుకతోనే తెగి ఉంటుంది. కనుకనే వారికి నలభైల్లోనే, కొందరికి ఇంకా ముందే, అదీ తరచు పెద్దప్రేవు కుడిభాగంలో వ్యాధి పొడచూపుతుంది. ఒకే మనిషికి రెండు మూడు చోట్ల రావడమూ కద్దు. ఆ దోషం కొడుకుకైనా కూతురికైనా సంక్రమించే అవకాశం సగానికి సగం.

మేనరికాలు వాడుకగా ఉన్న మన సీమలో ఒక మాట చెప్పవలసి ఉంది. ఈ దోషం సంక్రమించడానికి మేనరికం అక్కరలేదు. తల్లిదండ్రులలో ఒకరి నుండి వస్తే చాలు. కాని ఇద్దరిలోనూ ఒకే దోషం ఉంటే, రెండు పోగులూ తెగిన బిడ్డ పుట్టవచ్చు. అట్టి బిడ్డను బాల్యంలోనే క్యాన్సర్ పట్టుకొంటుంది.

వార్థిన్ దృష్టిలోనూ లోపం లేకపోలేదు. ఆ కాలపు పండితులలో పలువురివలెనే ఆయనా వంశశుద్ధి వాదానికి మొగ్గాడు; వ్యాధిగ్రస్తుల కుటుంబాలను నాసిరకపు వంశాలుగా తలపోశాడు. ఆ భావం చెల్లలేదు గాని ఆయన వ్రాసియుంచిన వంశవృక్షం చెల్లింది.

ఆయన 1931లో ఆన్ ఆర్బర్‌లో కన్నుమూశాడు. ఆ కాగితాలు దశాబ్దాల తరువాత హెన్రీ లించ్ అనే వైద్యుని చేతికి అందినవి. లించ్, ఆన్ క్రష్ అదే కుటుంబాన్ని తిరిగి వెదకి 1971లో ఫలితాలు ప్రకటించారు. తొలి తరాలలో విస్తారంగా ఉండిన కడుపు క్యాన్సర్ తగ్గి, పెద్దప్రేవు క్యాన్సర్ హెచ్చిందని తేలింది. రక్తంలోని దోషం ఒక్కటే అయినా, కాలమూ ఆహారమూ మారితే అది కాటువేసే చోటు మారుతుందన్నమాట! ఈ వ్యాధికి నేడు లించ్ పేరే స్థిరపడింది. వార్థిన్ పేరు వైద్యవిద్యార్థులకు లాలాజల గ్రంథిలో పుట్టే ఒక కణితి ద్వారానే ఎక్కువగా పరిచితం.

2000లో జి కుటుంబపు దోషం ఎం.ఎస్.హెచ్.2 అనే జన్యువులో ఉన్నదని కనుగొన్నారు. కణం విభజన పొందేటప్పుడు దొర్లే వ్రాత తప్పులను దిద్దడం దాని పని. నేడు ఇట్టి కుటుంబాలవారు రక్తపరీక్షతో తమ సంగతి తెలుసుకొనగలరు. దోషం ఉన్నవారికి ఇరవై, ఇరవైయైదు యేండ్ల వయస్సు నుండి ఒకటి రెండేండ్లకొకసారి పెద్దప్రేవును గొట్టపు దర్శినితో చూస్తారు. లేదని తేలినవారికి ఆ వంశభయం తీరిపోతుంది. వారి పిల్లలకూ అంతే.