సింగిల్ లైనుకు టోకెను ఇచ్చిన ఆచార్యుడు - డైక్‌స్ట్రా

సముద్రాలు దాటి వచ్చి స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో కంప్యూటర్ ప్రోగ్రాములు వ్రాసి జీవించేవారు లేని ఇల్లు అరుదు. వారిలో చాలామంది రోజుకు పదిసార్లైనా లాక్, అన్‌లాక్, మ్యూటెక్స్, సెమాఫోర్ అనే మాటలు వాడుతూనే ఉంటారు. అన్నం పెట్టే ఆ మాటల వెనుక ఉన్న మనిషి ఎవరో తెలిసినవారు మాత్రం కొద్దిమందే. ఆయన పేరు ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా. పుట్టింది హాలండులో, పేరు నిలిచింది ప్రపంచమంతటా. జీవితపు చివరి భాగంలో పదిహేనేళ్లు అమెరికాలో పాఠం చెప్పి, తిరిగి స్వదేశం చేరి కన్నుమూసిన ఆచార్యుడాయన.

ఆయన చేసిన పని అర్థం కావాలంటే ముందు మన ఊరి రైలు స్టేషన్ గుర్తు చేసుకోవాలి. సింగిల్ లైను మీద రెండు వైపుల నుంచి బండ్లు వస్తాయి. ఒక స్టేషనుకు, తరువాతి స్టేషనుకు మధ్య ఒకేసారి ఒక్క బండే ఉండాలి. అందుకని స్టేషన్ మాస్టరు డ్రైవరుకు ఒక టోకెను గోళం ఇచ్చేవాడు. అది చేతిలో లేనిదే డ్రైవరు బండి కదపడు. అవతలి స్టేషనులో దానిని అప్పగించిన తరువాతే ఇంకొక బండికి దారి. టోకెను ఒక్కటే కనుక ప్రమాదానికి తావు లేదు. మ్యూటెక్స్ అంటే సరిగ్గా ఇదే. కంప్యూటరులో ఒకేసారి నడిచే అనేక పనులలో, పంచుకున్న చోటికి ఒకసారి ఒక్కరినే పంపే టోకెను అది. డైక్‌స్ట్రా తన పరికరానికి సెమాఫోర్ అని పేరు పెట్టింది కూడా రైల్వే సిగ్నలును చూసే.

డైక్‌స్ట్రా 1930 మే 11న రోటర్‌డామ్ నగరంలో జన్మించారు. తండ్రి రసాయన శాస్త్రం బోధించే ఉపాధ్యాయుడు. తల్లి గణితం చదువుకున్న విదుషీమణి. ఉద్యోగం చేయకపోయినా గణితంలో అందాన్ని కుమారునికి చూపించినది ఆమెయే. న్యాయశాస్త్రం చదివి ఐక్యరాజ్య సమితిలో తన దేశానికి ప్రతినిధిగా ఉండాలని బాల్యంలో ఆయనకు కోరిక ఉండేది. కాని విజ్ఞాన శాస్త్రంలో వచ్చిన మార్కులు చూసి పెద్దలు ఆ దారి మళ్లించారు. లైడెన్ విశ్వవిద్యాలయంలో సైద్ధాంతిక భౌతిక శాస్త్రం చదువుతూ, 1951లో కేంబ్రిడ్జిలో ప్రోగ్రామింగ్ మీద జరిగిన వేసవి తరగతులకు వెళ్లారు. మరుసటి సంవత్సరం ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణిత కేంద్రంలో ప్రోగ్రామరుగా చేరారు. భౌతిక శాస్త్రమా, ప్రోగ్రామింగా అనే సందిగ్ధం కొంతకాలం ఆయనను వేధించింది. ఆనాటికి ప్రోగ్రామింగ్ ఒక విద్య అని ఎవరూ ఒప్పుకోలేదు. ఆయన గురుతుల్యులు వాన్ వైన్‌గార్డెన్ ధైర్యం చెప్పి, ఆ విద్యకు గౌరవం తెచ్చేది నీవే ఎందుకు కాకూడదని ప్రోత్సహించారు.

ఆ గౌరవం ఎంత దూరంలో ఉండేదో 1957లో ఆయన పెండ్లినాడే తెలిసింది. మరియా డెబెట్స్‌ను వివాహమాడుతూ, రిజిస్టరులో వృత్తి అన్నచోట ప్రోగ్రామర్ అని వ్రాయించబోతే అధికారులు ఒప్పుకోలేదు. అటువంటి వృత్తి లేదన్నారు. చివరకు సైద్ధాంతిక భౌతిక శాస్త్రజ్ఞుడు అని వ్రాయవలసి వచ్చింది. ఈనాడు మన పెళ్లిసంబంధాలలో వరుని ఉద్యోగం సాఫ్ట్‌వేర్ అని చెప్పుకునే తీరు చూస్తే కాలం ఎంత మారిందో తెలుస్తుంది.

పెండ్లికి ముందు సంవత్సరం, 1956లో, కాబోయే భార్యతో బజారుకు వెళ్లి, అలసి ఒక కాఫీ హోటలు బయట కూర్చున్నప్పుడు ఒక ఊరి నుంచి మరొక ఊరికి అతి దగ్గరి దారి కనుక్కునే పద్ధతి ఆయన మనసులో మెరిసింది. కాగితం, కలం లేకుండా ఇరవై నిమిషాలలో పూర్తయిన ఆ పద్ధతి 1959లో అచ్చయింది. దారి చూపే యంత్రాలకు ఈనాటికీ అదే పునాది. ఇది ఆయన కీర్తిలో సగం. మిగతా సగం ఒక భయంతో మొదలయింది.

ఎక్స్1 అనే కొత్త కంప్యూటరులో ఇంటరప్ట్ అనే సదుపాయం పెట్టదలచారు. యంత్రం ఒక పని చేస్తుండగా, అచ్చు యంత్రమో టేపు యంత్రమో మధ్యలో పిలిస్తే, చేస్తున్నది ఆపి ఆ పిలుపు అందుకోవడం దీని ఉద్దేశం. యంత్రం కాలం ఆదా అవుతుందని అందరూ సంతోషించారు. ప్రోగ్రాము వ్రాయవలసిన డైక్‌స్ట్రా మాత్రం భయపడ్డారు. పిలుపు ఏ క్షణంలో వస్తుందో తెలియదు. ఈరోజు వచ్చిన తప్పు రేపు రాదు. మళ్లీ చూపించలేని తప్పును పట్టుకోవడం ఎలాగ? ఆ భయాన్ని దాటి ఆయన వ్రాసిన ప్రోగ్రామే 1959లో ఆయన డాక్టరేటుకు విషయమయింది.

ఆ భయం వట్టిది కాదని ఒక చిన్న ఉదాహరణతో చెప్పవచ్చు. ఒక దంపతుల ఉమ్మడి ఖాతాలో 500 డాలర్లు ఉన్నాయనుకుందాం. భర్త ఒకచోట 100, భార్య మరొకచోట 200 ఒకే క్షణంలో జమ చేశారు. రెండు పనులూ పాత నిలువ 500 అని చదువుకున్నాయి. ఒకటి 600 అని వ్రాసింది. మరొకటి ఆ సంగతి ఎరుగక 700 అని దాని మీదే వ్రాసింది. ఖాతాలో 800 ఉండాలి, ఉన్నది 700. రెండు ప్రోగ్రాములలోనూ ఏ వరుసలోనూ తప్పు లేదు. తప్పంతా ఒకరు చదివి వ్రాసే లోపల మరొకరు చొరబడడంలో ఉంది. వేయిసార్లు సరిగ్గా నడిచి, వేయిన్నొకటవసారి డబ్బు మాయమవుతుంది. చదవడం మొదలు వ్రాయడం వరకు ఉన్న ఆ కొద్ది మేరనే క్రిటికల్ సెక్షన్ అంటారు. రెండు స్టేషన్ల మధ్య సింగిల్ లైను ముక్క అన్నమాట.

ఇద్దరి మధ్య ఈ తగవు తీర్చే ఉపాయం మొదట డెక్కర్ అనే డచ్ గణితజ్ఞుడు చెప్పారు. ఎందరున్నా పనిచేసే ఉపాయాన్ని డైక్‌స్ట్రా 1965లో కేవలం ఒక పుట వ్యాసంలో నిరూపణతో సహా ప్రకటించారు. అందులో ఆయన పెట్టుకున్న షరతులు గమనించదగినవి. అందరికీ ఒకటే న్యాయం, ఎవరికీ శాశ్వతమైన పెద్దరికం లేదు. ఎవరు ఎంత వేగంగా నడుస్తారో ముందుగా ఊహించుకోరాదు. లోపల లేనివాడు ఆగిపోతే దానివల్ల ఇతరులు ఆగరాదు. మీరు ముందు అంటే మీరు ముందు అనుకుంటూ అందరూ గుమ్మంలోనే నిలిచిపోరాదు. వేగం మీద ఆధారపడరాదన్న రెండవ షరతులోనే గొప్ప దూరదృష్టి ఉంది. ఒక యంత్రం మీద అదృష్టవశాత్తు నడిచే ప్రోగ్రాము కాదు, ఏ యంత్రం మీదనైనా నడిచి తీరే ప్రోగ్రాము ఆయనకు కావలసింది.

1962లో ఐండ్‌హోవెన్ సాంకేతిక విద్యాలయంలో గణితాచార్యులైన తరువాత, కొద్దిమంది సహచరులతో ఎక్స్8 యంత్రానికి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మించారు. అందులోనే సెమాఫోర్ ఆచరణలోకి వచ్చింది. దానికి రెండే పనులు, పేర్లు కూడా ఒక్కొక్క అక్షరం: పి, వి. వి అన్నది పెంచు అనే డచ్ మాటకు మొదటి అక్షరం. పి అన్నది తగ్గించ ప్రయత్నించు అనే అర్థంలో ఆయన స్వయంగా కల్పించిన మాటకు మొదటి అక్షరం. విలువ ఒకటితో మొదలుపెడితే అది టోకెను అవుతుంది. పి చేసినవాడు టోకెను తీసుకుంటాడు, లేకపోతే వేచి ఉంటాడు. వి చేసినవాడు తిరిగి ఇస్తాడు. లోపల యంత్రం ఏ తంటాలు పడుతుందో ప్రోగ్రాము వ్రాసేవాడికి అక్కరలేదు. ఆ వ్యవస్థను ఆయన అంతస్తులుగా కట్టారు. కింది అంతస్తు గట్టిదని తేలిన తరువాతే పై అంతస్తు.

టోకెన్లు ఎక్కువైతే మరొక చిక్కు వస్తుంది. విద్యార్థులకు పరీక్షలో ఇచ్చిన ఆ లెక్కే తరువాత భోజనానికి కూర్చున్న వేదాంతుల కథగా ప్రసిద్ధికెక్కింది. గుండ్రని బల్ల చుట్టూ ఐదుగురు, మధ్య మధ్య ఐదు ఫోర్కులు, తినడానికి ఒక్కొక్కరికి రెండు కావాలి. అందరూ ఎడమ చేతివైపు ఫోర్కు తీసుకుని కుడివైపుది కోసం ఎదురు చూస్తే అందరూ పస్తే. ఫోర్కులకు అంకెలు వేసి, ఎప్పుడూ చిన్న అంకెదే ముందు తీసుకోవాలని కట్టడి చేస్తే చిక్కు వీడిపోతుంది. రెండు తాళాలు తీసుకునేటప్పుడు అందరూ ఒకే వరుసలో తీసుకోవాలని ఈనాటి ఆఫీసులలో చెప్పే నియమం ఇదే.

ఇక మన యువకుల నిత్య వృత్తికి వద్దాము. డైక్‌స్ట్రా తలపెట్టిన టోకెను ఒక్కటే అయినా, ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క పేరుతో తయారు చేసింది. యూనిక్స్ కుటుంబానికి 1995లో పోసిక్స్ ప్రమాణం లాక్, అన్‌లాక్ అని పేర్లు పెట్టింది. విండోస్‌లో అదే పనికి క్రిటికల్ సెక్షన్‌లో ప్రవేశించు, నిష్క్రమించు అంటారు. విండోస్‌లో మ్యూటెక్స్ అనే పేరుతోనే మరొకటి ఉంది. అది వేర్వేరు ప్రోగ్రాముల మధ్య కూడా పనిచేసే బరువైన సాధనం. పేరు చూసి మోసపోయేవారు ఎందరో. అందుచేత రెండు చోట్లా నడవవలసిన ప్రోగ్రాముకు పైన ఒక తొడుగు వేస్తారు. తయారుచేయి, తీసుకో, వదులు, తీసివేయి అని నాలుగు పనులు పైకి కనిపిస్తాయి. లోపల ఏ యంత్రానికి తగిన ఏర్పాటు దానికి ఉంటుంది. పి, వి అక్షరాల వెనుక ఉన్న తత్త్వమే ఇది.

కాని పేర్లు కలిపినంతమాత్రాన తొడుగు పూర్తి కాదు, గుణాలు కూడా కలపాలి. టోకెను చేతిలో ఉన్నవాడే మళ్లీ టోకెను అడిగితే విండోస్ క్రిటికల్ సెక్షన్ ఇస్తుంది. ఎన్నిసార్లు తీసుకున్నాడో అన్నిసార్లు వదలాలి. పోసిక్స్‌లోని సాధారణ రకమైతే అతడు తన కోసం తానే ఎదురుచూస్తూ శాశ్వతంగా నిలిచిపోతాడు. తొడుగు వ్రాసేవాడు ఏదో ఒక న్యాయం నిర్ణయించి రెండు చోట్లా దానినే అమలు చేయాలి. సెమాఫోర్‌కు టోకెను ఎవరు తీసుకున్నారో గుర్తుండదు. మ్యూటెక్స్ విషయంలో మాత్రం తీసుకున్నవాడే వదలాలి. మధ్యలో తప్పు జరిగి పని అర్ధాంతరంగా ముగిసినా టోకెను వెనక్కి చేరాలి. అందుకే సి ప్లస్ ప్లస్ భాషలో, గది దాటగానే తాళం దానంతట అదే వదిలేలా ఏర్పాటు చేసుకుంటారు. 2011 నాటి ప్రమాణాలలో ఆ భాషలోనే మ్యూటెక్స్ చేరింది. తొడుగు వ్రాసే శ్రమ చాలామందికి తగ్గింది గాని, దాని వెనుక ఉన్న నీతి తెలుసుకునే అవసరం తగ్గలేదు.

ఈ నీతి తప్పితే పోయేది డబ్బు మాత్రమే కాదు. 1985-87 మధ్య థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రంలో, ఒకేసారి నడిచే పనులు పంచుకున్న విలువలకు సరైన కాపలా లేక, రోగులకు మితిమీరిన కిరణాలు తగిలి ప్రాణాలు పోయాయి. అందులో 1986 నాటి రెండు దుర్ఘటనలు డైక్‌స్ట్రా పాఠం చెబుతున్న టెక్సస్ రాష్ట్రంలోనే జరిగాయి. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాలలోను, కెనడాలోను సుమారు 5 కోట్ల మంది చీకటిలో ఉండిపోయిన రాత్రి మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. చెట్లు తగిలి తీగలు ఒక్కొక్కటే ఆగిపోతుంటే, ఒహాయోలోని కంట్రోల్ రూములో హెచ్చరిక గంట మోగలేదు. రెండు పనులు ఒకేసారి ఒకే చోట వ్రాయబోవడం వల్ల హెచ్చరిక వ్యవస్థ మూగబోయిందని తరువాత పరిశోధనలో తేలింది.

పరీక్షించి చూశాము, నడిచింది అనే మాటను డైక్‌స్ట్రా ఎన్నడూ ఒప్పుకోకపోవడానికి కారణమిదే. పరీక్ష తప్పు ఉన్నదని చూపగలదు గాని లేదని చూపలేదని ఆయన వాదం. ప్రోగ్రామును, దాని నిరూపణను చేయి చేయి పట్టించి నడిపించాలని జీవితమంతా బోధించారు. ఆ పట్టుదల కొందరికి మొండితనంగా తోచింది. ఆయన మాట కటువని నొచ్చుకున్నవారూ ఉన్నారు. 1972లో ట్యూరింగ్ పురస్కారం ఆయనను వరించింది.

1984లో, 54వ ఏట, ఆయన టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఆచార్యపదవి స్వీకరించి ఆస్టిన్ నగరానికి వచ్చారు. అక్కడ జయదేవ్ మిశ్రా వంటి భారతీయ సంతతి పండితులు ఆయనకు సహచరులు. మంగళవారం మధ్యాహ్నాలు అందరూ కూర్చుని ఒక వ్యాసాన్ని వాక్యం వాక్యం చదివి చర్చించే అలవాటును హాలండు నుంచి వెంట తెచ్చుకున్నారు. కంప్యూటర్ శాస్త్రానికి మూలపురుషులలో ఒకరై ఉండి కూడా చాలాకాలం తనకంటూ కంప్యూటరు పెట్టుకోలేదు. ఫౌంటెన్ పెన్నుతో ముత్యాల వంటి అక్షరాలలో వ్రాసి, వరుస సంఖ్య వేసి, నకళ్లు మిత్రులకు పంపేవారు. అలా వ్రాసినవి 1300 పైచిలుకు. ఇంట్లో టెలివిజన్ లేదు. సెలవులలో భార్యతో వ్యానులో జాతీయ వనాలు తిరగడమే వినోదం.

1999లో ఉద్యోగ విరమణ చేశారు. వ్యాధి ముదిరిన దశలో స్వదేశం చేరుకుని, 2002 ఆగస్టు 6న న్యూనెన్‌లోని స్వగృహంలో క్యాన్సరుతో మరణించారు. మరుసటి సంవత్సరం నుంచి, ఒకేసారి నడిచే అనేక యంత్రాల శాస్త్రంలో ఉత్తమ పరిశోధనకు ఇచ్చే బహుమతి ఆయన పేరుతో వెలసింది.

రిజిస్టరులో వృత్తిగా వ్రాయడానికి నోచుకోని ఒక పనిని విద్యగా నిలబెట్టి, దానికి నీతిని కూడా నేర్పిన మనిషి డైక్‌స్ట్రా. పంచుకున్న చోట ఒకరి తరువాత ఒకరు, అందరికీ సమన్యాయం, పని కాగానే టోకెను తిరిగి అప్పగింత. లాక్ అని టైపు చేసే మన పిల్లలు, దానికి జంటగా అన్‌లాక్ ఎక్కడ ఉన్నదో ఆ క్షణంలోనే చూసుకునే అలవాటు చేసుకుంటే, ఆ ఆచార్యునికి అంతకంటె తగిన గురుదక్షిణ లేదు.