సర్ రొనాల్డ్ రాస్ గారి చరిత్రము

వానకాలము వచ్చినతోడనే మన గోదావరిఖని, రామగుండము ప్రాంతములయందు పల్లపు నేలలును గోతులును నీటితో నిండును, దోమలు ముసరును. చలిజ్వరము వచ్చినవాని వ్రేలినుండి ఒక రక్తపుబొట్టును గాజుపలకపై తీసికొని పరీక్షించుటను మన విద్యార్థులలో ననేకులు చూచియే యుందురు. ఆ గోతిలోని నీటికిని ఈ గాజుపలకకును గల సంబంధము మొదట బయలుపడిన చోటు దూరదేశము గాదు; ఇచ్చట రైలెక్కిన ఒక్క పూటలో చేరదగిన సికింద్రాబాదే. దానిని కనుగొనిన రాస్ గారి చరిత్రమును మేమిందు క్లుప్తముగా వ్రాయుచున్నాము.

ఆయన 1857వ సంవత్సరము మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమునందలి అల్మోరాలో జన్మించిరి. తండ్రి సేనాధికారి. బాల్యమునుండియు వారికి కవిత్వము, సంగీతము, చిత్రలేఖనము ప్రియములు. వైద్యవిద్య తండ్రి కోరికవలన నభ్యసించినది. 1881లో భారత వైద్యశాఖయందు చేరి మదరాసు రాజధానిలో పనిచేయుచు, తీరిక వేళల గణితమును తమంతట తామే నేర్చుకొనిరి. వైద్యునకు గణితమేల యని తోటివారికి తోచియుండవచ్చును. దాని ప్రయోజనము మీదట తెలియగలదు.

మలేరియా సూక్ష్మజీవిని రోగుల రక్తమునందు లావరాన్ అను ఫ్రెంచి వైద్యుడు 1880లోనే చూచెను. అది ఒకరినుండి వేరొకరికెట్లు చేరునో మాత్రము తెలియదు. చెడుగాలివలన ననువారును, నీటివలన ననువారును గలరు. 1894లో లండనులో మాన్సన్ గారు దోమలపై దృష్టి నిలుపుమని రాస్ గారికి సలహా యిచ్చిరి. మరుసటి యేడు ఆయన సికింద్రాబాదు చేరి దోమలను కోసి పరీక్షింప మొదలిడిరి. రెండేండ్లకును ఫలము కానరాలేదు. కారణమేమన, ఆయన చూచుచున్నవి ఈ రోగమును మోయు జాతి దోమలు కావు.

1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలుగల వేరొక జాతి దోమలు లభించెను. పంకా వేసిన కోసిన దోమలు గాలికెగిరిపోవును గనుక ఉక్కలోనే కూర్చుండిరి. చెమటచే సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టెను. 16వ తేదీన హుస్సేన్ ఖాన్ అను జ్వరపీడితుని ఆ దోమలచే కుట్టించి, దోమకొక అణా చొప్పున నిచ్చిరి. 20వ తేదీన నట్టి యొక దోమ జీర్ణకోశపు గోడయందు, రోగి రక్తములోని సూక్ష్మజీవియందుండునట్టి నల్లని రంగురేణువులుగల కణములు కనబడెను. మరునాడు కోసిన దోమలో నవి మరింత పెరిగియుండెను.

ఇచ్చట మేము పాఠకులను కొంచెము ఆగి యోచింప వేడెదము. ఆ కణములు మాత్రమే చూచిన నేమి తెలియును? ఏ రోగిని కుట్టినది, అతని రక్తములో నేమున్నది, దోమ యేజాతిది, కుట్టి యెన్ని దినములైనది, ఈ నాలుగును ఒక్క లెక్కలో చేర్చి వ్రాసికొనియుండుటచేతనే ఆ కణములకు అర్థము కలిగెను. రోగి మంచముకడ తెలిసినదియు, ప్రాణిశాస్త్రమునందు తెలిసినదియు విడివిడిగా నుండినంతకాలము రెండును మూగవే.

1898లో కలకత్తాయందు పక్షుల మలేరియాపై పనిచేసి, ఆ జీవి దోమ లాలాజల గ్రంథులను చేరి కాటుతో ఇతర పక్షులకు సోకునని రాస్ గారు నిరూపించిరి. మనుష్యుల మలేరియా విషయమున ఆ పని ఇటలీలో గ్రాసి గారు అదే యేట చేసిరి. వీరిరువురి నడుమ కీర్తికై జరిగిన కలహము దీర్ఘమైనది, ఇరువురికిని శోభ కూర్చనిది. 1902లో రాస్ గారికి నోబెల్ బహుమానము వచ్చెను.

ఆ యేడే లాహోరు చేరువనున్న మియాన్‌మీరు దండులో దోమల నిర్మూలన మారంభమై, ఆశించిన ఫలము నీయకపోయెను. దోమలన్నిటిని చంపుట యసాధ్యము, కావున నీ యత్నమే వ్యర్థమని పలువురు తలచిరి. అన్నిటిని చంపవలసిన పని లేదని రాస్ గారి వాదము. వాదమును మాటలతోగాక అంకెలతో నిరూపింప బూని, మారిషస్ ద్వీపమునకు పోయి 1908లో నివేదిక వ్రాసిరి. ఆయన లెక్క నొక బాలుడైనను గ్రహింపగలడు. ఒక రోగి చుట్టును 48 దోమలున్నవనుకొందము. నాలుగింట నొకటి కుట్టగలిగిన, 12 అగును. రోగబీజము పక్వమగువరకు మూడింట నొకటి బ్రతికిన, 4. వానిలో నాలుగింట నొకటి మరియొకని కుట్టిన, 1. అనగా క్రొత్తరోగి యొక్కడు. దోమలసంఖ్య యొక హద్దునకు దిగువను తగ్గిన, క్రొత్తగా పడువారికంటె కోలుకొనువారే యెక్కువై, కొన్ని దోమలు మిగిలియున్నను రోగము తనంతట తానే క్షీణించును. 1911లో ప్రచురించిన గ్రంథమున దీనిని సమీకరణములుగా విస్తరించిరి.

1950 తరువాత మక్డొనాల్డ్ గారు ఈ లెక్కను పెంచి, అన్నిటికంటె ముఖ్యమైనది దోమ ఆయుర్దాయమని తేల్చిరి. ఇండ్లగోడలపై మందు చల్లుటకు గల యుక్తి యిదియే. 2002లో మలేరియా సూక్ష్మజీవియొక్కయు, దానిని మోయు నొక జాతి దోమయొక్కయు జన్యుక్రమములు ప్రకటింపబడెను. నేడు వానిని, ఆసుపత్రుల రోగుల లెక్కలను, వర్షపాతమును కంప్యూటరులలో జతపరచి, మందులకు లొంగని రోగము ఎచ్చట పుట్టి యెటు ప్రాకుచున్నదో పరిశోధకులు కనిపెట్టుచున్నారు.

రాస్ గారు 1932 సెప్టెంబరు 16వ తేదీన లండనులో కాలధర్మము నొందిరి. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనము ఆయన పేరిట నిలిచియున్నది. హుస్సేన్ ఖాన్ పేరును ఆ పరిశోధన చరిత్రలోనే మిగిలినది.