నీళ్లకి డబ్బు తెచ్చిన కాటన్ దొర

మన ఫోరంలో గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. కాటన్ దొర విగ్రహం చూడనివాళ్లు మనలో తక్కువ. ఆనకట్ట కట్టాడని అందరికీ తెలుసు. దానికి సర్కారు డబ్బు ఎలా తెచ్చాడన్నది కూడా మనం తెలుసుకోవాలి.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. 1821లో, పద్దెనిమిదేళ్లకే, మిలిటరీ ఇంజనీరుగా మద్రాసు వచ్చాడు. కావేరి మీద పని చేస్తూ చోళుల కాలం నాటి కల్లణై ఆనకట్టను పరిశీలించాడు. ఇసుకలో రాయి ఎలా నిలబడుతుందో మన పాత మేస్త్రీల పని చూసి నేర్చుకున్నాడు. గట్టి నేల తగలని చోట పునాది వేయడం ఎంత కష్టమో సైటులో పనిచేసే మనకి తెలుసు.

అప్పట్లో గోదావరి పక్కనే పారుతున్నా జిల్లా ఎండిపోయేది. 1832–33 కరువు, 1839 ఉప్పెన జనాన్ని ముంచేశాయి. 1821లో 7 లక్షలు దాటిన జనాభా 1841 కల్లా 5 లక్షల 60 వేలకు పడిపోయింది. చనిపోయినవాళ్లు పోగా, ఎంతోమంది ఊళ్లొదిలి వలసపోయారు.

కాటన్ నది అంతా సర్వే చేసి కంపెనీ సర్కారుకు రిపోర్టులు రాశాడు. వాళ్లకి రైతు గోడు కన్నా శిస్తు లెక్క ముఖ్యం. అందుకే నీళ్లిస్తే పంట, పంటొస్తే శిస్తు అని వాళ్ల లెక్కలోనే ఒప్పించాడు. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. ధవళేశ్వరం కొండ రాయిని పట్టాలేసి బండ్ల మీద తోలారు. కూలీలను కూడగట్టి పని నడిపించినవాడు మన వీణెం వీరన్న. రాళ్లు మోసిన వేలమంది పేర్లు మాత్రం మనకి దొరకవు.

ఆ కాలువలు పొలాలకే కాదు, మంచినీళ్ల చెరువులకూ ఆధారమయ్యాయి. సముద్రం దగ్గరి ఊళ్లలో నుయ్యి తవ్వితే ఉప్పునీళ్లే కదా. వేసవిలో కాలువలు కట్టేసే ముందు చెరువు నింపుకోవడం ఇప్పటికీ ఉంది.

కాటన్ 1860లో రిటైరయ్యాడు. రైళ్ల కన్నా నీళ్లకి ఎక్కువ ఖర్చు పెట్టండని పోరి, 1878లో పార్లమెంటు కమిటీ ముందు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. 1899 జులై 24న, 96 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఇక్కడ ఒమన్‌లో నిజ్వా ఫలజ్ దారిస్ చూసినవాళ్లకి ఒక సంగతి తెలిసే ఉంటుంది. ఫలజ్ నీళ్లు ఊళ్లోకి రాగానే మొదటి వంతు తాగడానికి, ఆ తర్వాతే స్నానాలకి, తోటలకి. మన డెల్టాలో అదే కాలువలోకి చెరువుల మురికి, ఊరి చెత్త వదులుతున్నాం. చివరి ఊళ్లవాళ్లు టిన్ను నీళ్లు కొనుక్కుంటున్నారు. మనం పంపే రియాళ్లలో కొంత ఆ టిన్నులకే పోతోంది.

15వ ఆర్థిక సంఘం 2021–26కి పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం మంచినీళ్లకి, పారిశుద్ధ్యానికే కేటాయించింది. అది ఎవరో పెట్టే దానం కాదు, మన డబ్బు. సెలవు మీద ఊరెళ్లినప్పుడు గ్రామసభలో కూర్చొని, ఫిల్టర్ బెడ్డు ఎలా ఉంది, ఎంత ఖర్చయింది అని అడగండి అన్నలారా, అక్కలారా. కాటన్ లెక్క చూపించి డబ్బు తెచ్చాడు. మనం లెక్క అడిగి తెచ్చుకుందాం.