ప్రజల ఆకలిని తన ఆకలిగా చేసుకున్న ఖలీఫా

ఇస్లాం దృష్టిలో నాయకత్వం అనేది హోదా కాదు, అమానతు. దాన్ని అప్పగించేవాడు అల్లాహ్, లెక్క అడిగేవాడూ ఆయనే. ఈ మాట మనం జుమా ప్రసంగాల్లో తరచూ వింటూనే ఉంటాం. కాని వేలాది మంది ఆకలితో వాకిట నిలబడినప్పుడు ఆ అమానతును ఎలా నెరవేర్చాలో ఆచరించి చూపినవారు కొద్దిమందే. వారిలో రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ బిన్ ఖత్తాబ్ (రజి) అగ్రగణ్యులు. ఆయన జీవితంలోని ఒక కరవు కాలాన్ని మేము ఇక్కడ పాఠకుల ముందుంచుతున్నాం.

ఉమర్ (రజి) మక్కాలో, ఖురైష్ తెగలోని బనూ అదీ వంశంలో జన్మించారు. మొదట్లో ఇస్లాంను తీవ్రంగా వ్యతిరేకించినా, విశ్వసించిన తర్వాత దానికి కోటగోడలా నిలిచారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) మరణానంతరం హిజ్రీ 13లో (క్రీ.శ. 634) ఖిలాఫత్ బాధ్యత స్వీకరించారు. ఆయన పదేళ్ళ పాలనలో ఇరాక్, సిరియా, ఈజిప్టు ఇస్లామీ రాజ్యంలో చేరాయి.

బూడిద సంవత్సరం

హిజ్రీ 18లో (క్రీ.శ. 639) అరేబియాను ఘోరమైన కరవు కమ్ముకుంది. వానలు లేక నేల మాడిపోయింది. గాలి వీస్తే మట్టి బూడిదలా లేచేది. అందుకే చరిత్రకారులు దాన్ని ‘ఆముర్రమాద’, అంటే బూడిద సంవత్సరం అన్నారు. ఎడారి తెగలవారు పశువులను పోగొట్టుకుని, పిల్లాపాపలతో మదీనా చుట్టూ వచ్చి చేరారు.

ఉమర్ (రజి) వెంటనే రాష్ట్రాల పాలకులకు లేఖలు రాశారు. తబరీ చరిత్రలోని కథనం ప్రకారం అందరికంటే ముందు సిరియా నుంచి హజ్రత్ అబూ ఉబైదా (రజి) 4,000 ఒంటెల మీద ఆహారం తీసుకుని వచ్చారు. ఖలీఫా దాని పంపిణీ బాధ్యతను కూడా ఆయనకే అప్పగించారు.

మదీనా పొలిమేరల్లో దిగినవారిని చూసుకోవడానికి హజ్రత్ మిస్వర్ బిన్ మఖ్రమా (రజి) వంటి నలుగురిని ఒక్కో దిక్కుకు ఒక్కొక్కరిగా నియమించారు. రోజంతా ఏం జరిగిందో వారు సాయంత్రం ఖలీఫా దగ్గర కూర్చుని వివరించేవారు. ఇబ్నె సఅద్ గ్రంథంలో ఆ జనం లెక్క కూడా ఉంది. ఒక రాత్రి వచ్చి భోజనం చేసినవారు 7,000 మంది కాగా, రాలేక ఉన్నచోటే ఉండిపోయిన రోగులు, స్త్రీలు, పిల్లలు 40,000 మంది అని తేలింది. ఈ రెండో లెక్కను గమనించండి. పళ్ళెం పట్టుకుని వచ్చినవాడు ఎలాగూ కనబడతాడు. రాలేనివాడిని వెతికి లెక్కలోకి తెచ్చినవాడే నిజమైన సేవకుడు.

ఆ రోజుల్లో ప్రజల కష్టం తీరేవరకు నెయ్యి, పాలు, మాంసం ముట్టనని ఉమర్ (రజి) ప్రతిన పూనారు. నూనెతో రొట్టె తిని తిని ఆయన మేనిఛాయ నల్లబడింది. ఒకసారి బజారుకు నెయ్యి, పాలు వస్తే సేవకుడు 40 దిర్హములు పెట్టి కొని తెచ్చాడు. ఆయన వాటిని ముట్టక దానం చేయించారు. ప్రజలకు తగిలిన దెబ్బ తనకు తగలకపోతే వారి స్థితి తనకెలా తెలుస్తుందన్నదే ఆయన ఆలోచన. మా దృష్టిలో ఆయన నాయకత్వ రహస్యమంతా ఇందులోనే ఉంది. అది కేవలం వైరాగ్యం కాదు. వచ్చిన నివేదికలు నిజమో కాదో తన కడుపుతో తూచుకునే పద్ధతి అది.

ఆకలి బాధతో దొంగిలించినవారిపై ఆ ఏడాది శిక్ష అమలు చేయించలేదు. జకాత్ వసూలును వాయిదా వేశారు. చివరకు ప్రవక్త (స) పినతండ్రి హజ్రత్ అబ్బాస్ (రజి)ను వెంటబెట్టుకుని వాన కోసం అల్లాహ్‌ను వేడుకున్నారు. అల్లాహ్ కరుణించాడు. వానలు పడ్డాక కూడా పని ముగిసిందని ఆయన అనుకోలేదు. వలస వచ్చినవారికి దారిబత్తెం, వాహనాలు ఇప్పించి సొంత చోట్లకు చేర్పించారు. ఈజిప్టు ఇస్లామీ పాలనలోకి వచ్చాక, పూడిపోయిన పాత కాలువను తిరిగి తవ్వించి నైలు నదిని ఎర్రసముద్రంతో కలిపారు. దాంతో ధాన్యం ఓడల్లో మదీనా రేవు జార్‌కు చేరసాగింది.

హిజ్రీ 23లో (క్రీ.శ. 644) ఫజ్ర్ నమాజు చేయిస్తుండగా ఆయన కత్తిపోట్లకు గురయ్యారు. మరణశయ్యపై కుమారుడిచేత తన అప్పు లెక్క కట్టించారు. అది సుమారు 86,000 దిర్హములని తేలింది. దాన్ని మొదట తన కుటుంబ ఆస్తి నుంచే తీర్చమన్నారు. ప్రవక్త (స) చెంత సమాధికి హజ్రత్ ఆయిషా (రజి) అనుమతి కోరుతూ కుమారుణ్ణి పంపినప్పుడు, తన పేరు ముందు అమీరుల్ మోమినీన్ అనవద్దని చెప్పి పంపారు.

సోదరులారా! మస్జిద్ నిర్మాణం కావచ్చు, వరద సహాయం కావచ్చు, ఆఫీసులో పదిమందితో చేయించే ప్రాజెక్టు కావచ్చు. పని ఏదైనా దాని బాధ్యత మోసేవారు తమను తాము రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మన చేతికింద పనిచేసేవారి కష్టంలో మనకు పాలు ఉందా? మన దగ్గరికి రాలేనివారు మన లెక్కలో ఉన్నారా? వీటికి జవాబు లేని నాయకత్వం పేరుకే నాయకత్వం.

అల్లాహ్ మనకు అప్పగించిన ప్రతి అమానతునూ చిత్తశుద్ధితో నెరవేర్చే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.