శాస్తా చేమంతియు, లూథర్ బర్బాంకును

చేమంతి పూవు నెరుగని తెలుగు బాలుడు గాని బాలిక గాని యుండరు. శీతకాలము వచ్చినంతనే మన పెరళ్లయందును, పూలయంగళ్లయందును చేమంతులు కుప్పలుగా కనబడును. అయితే ఒక క్రొత్త రకపు పూవు లోకమునకు ఎట్లు వచ్చునో, దాని వెనుక ఎన్నియేండ్ల శ్రమ యుండునో తలపోయువారు కొలదిమంది మాత్రమే. అట్టి శ్రమకు తన జీవితమును ధారవోసిన లూథర్ బర్బాంకు అను అమెరికా తోటమాలి చరిత్రమును మా చదువరుల యెదుట నుంచుచున్నాము. ఆయన యోర్పు అనుసరింపదగినది. ఆయనయందలి లోపమును సైతము విద్యార్థులు తెలిసికొనదగినదే.

లూథర్ బర్బాంకు 1849వ సంవత్సరము మార్చి 7వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలోని మాసచూసెట్సునందు, లాంకాస్టరు అను గ్రామమున జన్మించెను. తండ్రి సేద్యము చేయుచు ఇటుకలు కాల్పించుచుండెను. సంతానము మెండుగాగల యా యింటిలో లూథరు పదుమూడవ బిడ్డ. తల్లి పెంచిన పూలతోటయే ఆతనికి మొదటి పాఠశాల యయ్యెను. ఆతని చదువు ఉన్నత పాఠశాలతోనే ముగిసెను. కళాశాల గడప త్రొక్కు భాగ్యము కలుగలేదు. అయినను, పెంపుడు జంతువులయందును సాగుమొక్కలయందును కలుగు మార్పులను గూర్చి ఛార్లెస్ డార్విను 1868లో ప్రకటించిన గ్రంథము ఆతని చేతికి వచ్చెను. రెండు వేర్వేరు రకముల మొక్కలను కలిపినచో పుట్టు సంతతి పలురూపులుగా నుండుననియు, వానిలో మేలైనదానిని ఏరి పెంచుట మనుష్యుని చేతిలోని పనియే యనియు ఆతడు గ్రహించెను. ఆ గ్రహింపే ఆతని జీవితమునకు దారిచూపెను.

తండ్రి మరణించిన పిమ్మట తనకు వచ్చిన సొమ్ముతో లూథరు 17 ఎకరముల భూమిని కొని కూరగాయల సాగు ప్రారంభించెను. ఆ తోటలో ఎర్లీ రోజ్ అను రకపు బంగాళాదుంప మొక్కకు ఒకనాడు చిన్న కాయ కనబడెను. ఆ రకము కాయుట మిక్కిలి యరుదు. బంగాళాదుంపను దుంపముక్కలు నాటి పెంచినచో పిల్లమొక్క తల్లివలెనే యుండును. విత్తనము నాటినచో ఏ రెండును ఒకటిగా నుండవు. కాయ పండుదాక వేచియుండగా, అది ఒకనాడు కనబడకపోయెను. లూథరు దినములతరబడి నేలయంతయు వెదకి, రాలిపడిన దానిని కనుగొనెను. లోపల 23 గింజలుండెను. వానిని నాటి పెంచి, మొక్కమొక్కకు దుంపలను త్రవ్వి పోల్చిచూచి, అన్నిటిలో శ్రేష్ఠమైనదాని నేరెను. అదియే బర్బాంకు బంగాళాదుంప. గ్రెగొరీ యను విత్తనముల వర్తకుడు దాని హక్కును 150 డాలర్లకు కొనెను. దానినుండి పుట్టిన రసెట్ బర్బాంకు అను గరుకుతొక్క రకము నేటికిని అమెరికాలో విస్తారముగా సాగుచేయబడుచున్నది. కోట్లజనుల కాహారమైన దానికి కనుగొన్నవానికి దక్కిన ప్రతిఫలము అంత స్వల్పము!

1875లో బర్బాంకు ఆ సొమ్మును, తనకై మిగుల్చుకొనిన పది దుంపలను తీసికొని, తన యన్నలు స్థిరపడియున్న కాలిఫోర్నియాకు పోయి సాంటారోజా పట్టణము చేరెను. తొలినాళ్లలో నిలుకడయైన పని దొరకక, చేతికందిన కూలిపనులు చేయుచు, జ్వరపడి మిక్కిలి బాధలుపొందెను. పేదరాలగు ఒక పొరుగుటామె దినదినము పాలు తెచ్చియిచ్చి ఆయనను ఆదుకొనెనని చెప్పుదురు. క్రమముగా ఆయన మొక్కల వ్యాపారము నిలబెట్టెను. 1881లో ఒక భూస్వామి 20,000 ప్రూను చెట్లు తొమ్మిది మాసములలో కావలెననెను. అంటుమొక్కలు సిద్ధమగుటకు సాధారణముగా అంతకంటె చాల యెక్కువ కాలము పట్టును. బర్బాంకు త్వరగా మొలచు బాదము గింజలను నాటి, ఆ లేతమొక్కలపై ప్రూను మొగ్గల నంటుకట్టి, గడువులోపల చెట్ల నప్పగించెను. ఆ పనితో ఆయన పేరు ఆ ప్రాంతమంతట మారుమ్రోగెను.

ఇక శాస్తా చేమంతి కథకు వత్తము. బర్బాంకు బాల్యమున తిరుగాడిన పొలములలో ఎద్దుకన్ను అను పేరుగల తెల్లని గడ్డిచేమంతి విస్తారముగా పూచెడిది. రైతులు దానిని కలుపుమొక్కయని పీకి పారవేయుచుండిరి. బర్బాంకు మాత్రము దాని గట్టితనమును, విరివిగా పూచు స్వభావమును మెచ్చుకొని, 1884 ప్రాంతమున దానిని సాంటారోజాలో నాటెను. పూవు చిన్నది, తెలుపు అంత స్వచ్ఛము కాదు. అందువలన పెద్దపూవులుగల ఐరోపా గడ్డిచేమంతితో దానిని కలిపెను. తరువాత పోర్చుగల్ దేశపు జాతినొకదానిని చేర్చెను. ఎన్నియేండ్లు ఏరినను, తాను కోరిన మంచువంటి తెలుపు రాకపోగా, మిక్కిలి తెల్లని రేకులుగల జపాను జాతి పుప్పొడిని తన మేలైన మొక్కల పూలపై చల్లెను. ఆయన చెప్పిన వృత్తాంతమిది.

చేమంతి జాతిలో ఈ పని సులభము కాదు. మనము ఒక పూవని పిలుచునది నిజముగా వందలకొలది సూక్ష్మపుష్పముల గుంపు. అంచుననున్న ప్రతి రేకును ఒక పుష్పమే. నడుమనున్న పసుపు బొడిపెలన్నియు పుష్పములే. ఇతరజాతి పుప్పొడి పనిచేయవలెనన్నచో, పూవుపైనున్న స్వంత పుప్పొడిని ముందుగా తొలగింపవలెను. బర్బాంకు సన్నని నీటిధారతో దానిని కడిగివేసి, పిమ్మట పరజాతి పుప్పొడిని తాకించెడివాడు. గింజలు పండిన తరువాత అసలుపని ఆరంభమగును. వేలకొలది మొలకలు, అన్నిటియందును చూపు నిలిపి, రెండుమూడింటిని మాత్రము ఉంచి, తక్కినవానినెల్ల పెరికి తగులబెట్టవలెను. మరుసటియేడు మరల అదే పని. పదునేడేండ్లు ఇట్లు గడచెను.

1901లో ఆ పూవు లోకమునకు వెల్లడియయ్యెను. నాలుగంగుళముల వెడల్పు, తెల్లని రేకులు, పసుపుపచ్చని నడిమిబొడిపె, గట్టి కాడ, ఏటేట మరల చిగిర్చు దుబ్బు. ఉత్తర కాలిఫోర్నియాలో మంచుకప్పుకొని నిలుచు శాస్తా పర్వతము పేరు దానికి పెట్టెను. విత్తనము నాటినచో గుణములు మారును గనుక, మన తోటలలో చేమంతి పిలకలు తీసి నాటినట్లే, దాని దుబ్బును చీల్చి నాటుదురు. నాడు చేమంతి ప్రజాతిలోనే లెక్కింపబడిన ఆ మొక్కను నేటి శాస్త్రజ్ఞులు ల్యూకాంథిమమ్ అను వేరు ప్రజాతిలో చేర్చిరి.

ఇక్కడనే ఆయన లోపమును చెప్పవలసియున్నది. బర్బాంకు కన్ను మహా చురుకైనది. కాని పుస్తకమున వ్రాసియుంచు అలవాటు చాలినంత లేదు. ఏ మొక్కను దేనితో ఎప్పుడు కలిపెనో, ఎన్ని ఫలించెనో పూర్తిగా గుర్తించలేదు. 1905లో వాషింగ్టనులోని కార్నెగీ సంస్థ ఏటికి 10,000 డాలర్లు ఇచ్చుట కంగీకరించి, ఆయన పద్ధతులను వ్రాసికొనుటకై జార్జి షల్ అను యువ శాస్త్రజ్ఞుని పంపెను. ఆయన జ్ఞాపకమునందున్నది కాగితముపైకి సరిగా రాలేదు. కొలదియేండ్లకే ఆ సాయము నిలిచిపోయెను; షల్ వ్రాయవలసిన గ్రంథము అచ్చుకాలేదు. నేటి వృక్షశాస్త్ర గ్రంథములు శాస్తా చేమంతిని ఐరోపా, పోర్చుగల్ జాతుల రెండింటి సంకరముగా మాత్రమే పేర్కొనుచున్నవి. జపాను జాతి పాలు నిజముగా అందున్నదని చూపుటకు బర్బాంకు వ్రాసిన లెక్క లేదు. పదునేడేండ్ల శ్రమకు పూవే సాక్షిగా నిలిచినది. దారి మాత్రము చెరిగిపోయినది.

ధనవిషయమునను ఆయనకు న్యాయము జరుగలేదు. యంత్రము కనుగొన్నవానికి హక్కు నిచ్చిన చట్టము మొక్కను సృజించినవానికి ఆ కాలమున నీయలేదు. ఒకసారి అమ్మిన మొక్కను ఎవరైనను పెంచి అమ్ముకొనవచ్చును. మొక్కలకు హక్కునిచ్చు చట్టము 1930లో, ఆయన మరణించిన నాలుగేండ్లకు వచ్చెను. అయినను ఆయన పని మానలేదు. ఏబదియేండ్లకు పైబడిన కృషిలో పండ్లు, పూలు, కూరలు, గడ్డి మొదలగువానిలో 800లకు మించిన క్రొత్త రకములను ఆయన వెల్లడించెను.

1926వ సంవత్సరము ఏప్రిలు 11వ తేదీన, తన 77వ యేట బర్బాంకు పరమపదించెను. సాంటారోజాలో తన యింటి తోటయందే, తాను పెంచిన లెబానోను దేవదారు వృక్షము క్రింద ఆయనను సమాధిచేసిరి. ఆ తోట నేడు ప్రజలు దర్శించు స్థలముగా కాపాడబడుచున్నది. ఆయన జన్మదినమగు మార్చి 7ను కాలిఫోర్నియావారు చెట్లునాటు దినముగా పాటించుచున్నారు.

విద్యార్థులారా! కళాశాల చదువు లేకపోయినను, పొరుగువారు పీకి పారవేసిన కలుపుమొక్కయందు పూవును చూచి, పదునేడేండ్లు విసుగక దానిని వెలికితీసినవాడు బర్బాంకు. మీ పాఠశాల తోటలో ఒక మడి మీకప్పగింపబడినచో, ఆయన కన్నును, ఆయన యోర్పును అలవరచుకొనుడు. దానితోపాటు, ఆయన చేయక విడిచిన పనిని మీరు చేయుడు: ఏ దినమున ఏమి నాటితిరో, ఏది మొలచెనో, ఏది చచ్చెనో ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. పూవు ఒక ఋతువున వాడిపోవును. సరిగా వ్రాసినది మీ తరువాత వచ్చువారికి దారియై నిలుచునని మా నమ్మకము.