డాక్టరు హకారు హషిమోటో

కీర్తిని గోరి పనిచేయువారు కొందఱు. పనిని శ్రద్ధతో జేసి, కీర్తి తమ్ము వెదకికొని వచ్చునప్పటికి లోకమును విడిచిపోయినవారు మఱికొందఱు. జపానుదేశపు వైద్యుడగు హకారు హషిమోటో ఈ రెండవ తెగకు జెందినవాడు. థైరాయిడ్ జబ్బునకు రక్తపరీక్ష చేయించుకొనినవారు మన జహీరాబాదునందును ఈ పేరు వినియుందురు. ఆ పేరుగల మనుష్యుడెట్టివాడో మన విద్యార్థులకు దెలుపుట యుచితమని తలంచితిమి.

హషిమోటో 1881 వ సంవత్సరము మే నెల 5 వ తేదీన జపానులోని మియే మండలమున, ఇగా ప్రాంతపు పల్లెయొకదానిలో జన్మించెను. వారిది వైద్యుల కుటుంబము. ఆయన క్యోటోలో చదివి, 1903 లో ఫుకువోకా పట్టణమున నప్పుడే స్థాపింపబడిన వైద్యకళాశాలలో జేరెను. 1907 లో నచటినుండి పట్టము పొందిన మొదటి జట్టువారిలో ఆయన యొకడు. పిదప హయారి మియాకే యను శస్త్రవైద్యాచార్యుని యొద్ద పనిచేయుచు పరిశోధన కారంభించెను.

థైరాయిడ్ అనునది గొంతు ముందుభాగమున, రెక్కలు విప్పిన సీతాకోకచిలుకవలె నుండు చిన్న గ్రంథి. దీనినుండి పుట్టు రసము రక్తములో గలిసి, దేహమునకు వేడిమిని, చుఱుకుదనమును గూర్చును. ఆ రసము తగ్గినచో మనుష్యుడు మందగించును, చలికి తాళలేడు, దేహము బరువెక్కును. చూచువారు దానిని సోమరితనమని నిందించుటయు గలదు.

శస్త్రచికిత్సచే దీయబడిన నలుగురు స్త్రీల గ్రంథులను హషిమోటో సూక్ష్మదర్శినితో బరీక్షించెను. గ్రంథియంతటను తెల్ల రక్తకణములలో నొక జాతివి గుంపులుగా నిండియుండెను. అవి యచ్చటచ్చట ముద్దలు గట్టియుండెను. గ్రంథియొక్క స్వంతకణములు చెడిపోయి, నారవంటి పదార్థము పెరిగియుండెను. ఇట్టి మార్పును అంతకుముందెవ్వరును స్పష్టముగా వర్ణించి యుండలేదు. దీనికి మూలకారణ మానాటికి ఎవ్వరికిని దెలియదు. అయినను హషిమోటో తాను చూచినదానిని చూచినట్లు, చిత్రములతో సహా, 1912 లో జర్మనుభాషలో నొక వైద్యపత్రికయందు ముప్పది పుటల వ్యాసముగా బ్రకటించెను.

తరువాత జర్మనీకేగి గెట్టింగెన్ నగరమున కాఫ్‌మన్ పండితుని యొద్ద రోగనిదానశాస్త్రము నభ్యసించెను. ఇంతలో 1914 లో మహాసంగ్రామము వచ్చిపడినందున ఆయన చదువునకు భంగము కలిగి, మరుసటి యేట స్వదేశమునకు మరలవలసి వచ్చెను. 1916 లో స్వగ్రామము చేరి, కుటుంబపు వైద్యశాలను నడుపజొచ్చెను. పెద్ద కళాశాలలలో పదవి లేదు; పరిశోధనాలయము లేదు. చుట్టుపట్ల పల్లెలవారికి వైద్యము చేయుటయే ఆయన జీవితమయ్యెను. 1934 వ సంవత్సరము జనవరి 9 వ తేదీన, ఏబదిరెండేండ్ల ప్రాయమున, టైఫాయిడ్ జ్వరముచే మరణించెను.

ఆయన వ్యాసమును లోకము వెంటనే గ్రహింపలేదు. రీడెల్ అను జర్మను వైద్యుడు వర్ణించిన వేఱొక వ్యాధికి ఇది తొలిదశయని కొందఱు వాదించిరి. 1931 లో అమెరికాదేశమున క్లీవ్‌లండు వైద్యులగు గ్రేహం, మెకల్లా అనువారు ఇది ప్రత్యేకవ్యాధియని వాదించి, తమ వ్యాసమున హషిమోటో పేరును నిలిపిరి.

కారణము 1956 లో బయల్పడెను. ఆ యేట లండనులో డెబొరా డోనియాక్, ఐవన్ రాయిట్ మొదలగువారు రోగుల రక్తరసమును థైరాయిడ్ సారముతో నెదుర్పఱచి చూచిరి. రెండును గలిసినచోట మడ్డి యేర్పడెను. వెలినుండి వచ్చు క్రిములను బట్టుటకై దేహము చేసికొను ప్రతిరక్షకములు ఈ రోగులలో స్వంత గ్రంథిపైననే తిరుగబడుచున్నవని దీనివలన దేలెను. ఆ సంవత్సరమే అమెరికాలో రోజ్, విటెబ్‌స్కీ పండితులు కుందేళ్లయందు ఇట్టి వ్యాధినే కలుగజేసి చూపిరి. కావలివాడే యింటివారిపై కఱ్ఱ యెత్తినట్లని చెప్పిన పిల్లలకు సులభముగా బోధపడును.

ఇప్పుడీ ప్రతిరక్షకములను గొలుచుట తేలిక. థైరాయిడ్ గ్రంథిలోని యొక మాంసకృత్తును గిన్నెవంటి పలకకు నంటించి, దానిపై రోగి రక్తరసమును బోయుదురు. ప్రతిరక్షకము లుండినచో దానిని బట్టుకొని నిలుచును. వానికి రంగునో వెలుగునో ఇచ్చు పదార్థమును జేర్చి, ఆ రంగు, వెలుగుల పరిమాణమును యంత్రముతో గొలుతురు. అయితే ప్రతిరక్షకములు కనబడిన ప్రతివాడును రోగి కాడు. ఆరోగ్యవంతులలో గొందఱికిని అవి యుండును. కావున గ్రంథి పని యెట్లున్నదో తెలుపు ఇతర పరీక్షలతోను, రోగి లక్షణములతోను కలిపి చూచియే వైద్యులు నిర్ణయింతురు. రసము తగ్గినవారికి ప్రతిదినము మాత్ర నిచ్చి ఆ లోటును దీర్తురు. ఈ వ్యాధి స్త్రీలకే యెక్కువ. కనుక ఇంటిలో తల్లియో అక్కయో నానాటికి డస్సిపోవుచున్నప్పుడు, ఆమెను నిందింపక వైద్యునికి జూపుట పిల్లలకును పెద్దలకును విధి.

హషిమోటో పరీక్షించినవి నాలుగు గ్రంథులు మాత్రమే. వానినుండి వెలువడిన జ్ఞానమిప్పుడు లక్షలమందికి దోడ్పడుచున్నది. తన పేరు లోకమంతట నిలుచునని యెఱుగకయే ఆయన పల్లెలో రోగుల గడపలు ద్రొక్కుచు జీవితమును గడపెను. విద్యార్థులారా! మీ యెదుటనున్నది చిన్న పనియేయైనను దానిని నిదానించి చూడుడు. చూచినదానిని సత్యముగా వ్రాయుడు. దాని ఫలమును అనుభవించువారు మీకు దెలియనివారైనను గావచ్చును.