కోడి రామ్మూర్తి నాయుడు

కోడి రామ్మూర్తి నాయుడు (1882 - 1942) ప్రసిద్ధి చెందిన తెలుగు మల్లయోధుడు, బలప్రదర్శకుడు, సర్కస్ నిర్వాహకుడు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో కలియుగ భీముడు, ఇండియన్ హెర్క్యులస్, ఇండియన్ శాండో అనే పేర్లతో దేశమంతటా ఖ్యాతి పొందాడు. ఈ మూడు బిరుదులూ ఆయనను మరొక బలశాలితో పోల్చి ఇచ్చినవే. వీటిలో భీముడు, హెర్క్యులస్ పురాణ పురుషులు. యూజెన్ శాండో మాత్రం రామ్మూర్తికి సమకాలికుడు. వీరిద్దరూ ఒకే వేదికపై తలపడి ఉంటే ఎవరు గెలిచేవారన్న ప్రశ్న ఆ బిరుదులోనే ఉంది.

బాల్యము, విద్య

రామ్మూర్తి వీరఘట్టంలో జన్మించాడు. ఈ ఊరు 2022 వరకు శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, ఆ తరువాత పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. కొన్ని రచనలలో ఆయన పుట్టిన సంవత్సరం 1883 అని ఉంది. తండ్రి పేరు వెంకన్న నాయుడు. చిన్నతనంలోనే తల్లి చనిపోవడంతో విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేసే పినతండ్రి వద్ద పెరిగాడు. చదువు కంటే వ్యాయామంపైన, కుస్తీపైన ఎక్కువ ఆసక్తి చూపేవాడు. మద్రాసులోని సైదాపేట కళాశాలలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో తాను చదివిన పాఠశాలలోనే వ్యాయామ ఉపాధ్యాయునిగా పనిచేశాడు.

సర్కస్ ప్రదర్శనలు

తరువాత ఉద్యోగం విడిచి మిత్రుల సాయంతో సర్కస్ కంపెనీని స్థాపించాడు. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగించి తెంపడం, రెండు చేతులకు కట్టిన కార్లను కదలకుండా నిలిపి ఉంచడం, ఛాతీపై పరచిన పలక మీదుగా ఏనుగును నడిపించడం ఆయన ప్రదర్శనలలో ముఖ్యమైనవి. ఆయన శాకాహారి. తన బలానికి ప్రాణాయామమే మూలమని చెప్పేవాడు. లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి సమక్షంలో ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులస్ అనే బిరుదు పొందాడని ఆయన జీవిత కథనాలలో ఉంది.

శాండోతో పోలిక

యూజెన్ శాండో (1867 - 1925) జర్మనీ వాడు. ఇంగ్లాండులో స్థిరపడి, వ్యాయామ శిక్షణను పెద్ద వ్యాపారంగా మలచాడు. 1901లో లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాలులో దేహదారుఢ్య పోటీ నిర్వహించాడు. 1911లో ఐదవ జార్జి చక్రవర్తి అతనిని తన వ్యాయామ ఆచార్యునిగా నియమించాడు. 1904-05 ప్రాంతంలో శాండో ఆసియా దేశాలలో పర్యటిస్తూ భారతదేశంలో కూడా ప్రదర్శనలు ఇచ్చాడు. అప్పుడు రామ్మూర్తి అతనిని పోటీకి పిలిచాడని, శాండో అంగీకరించలేదని ఒక కథనం ప్రచారంలో ఉంది. అప్పటికి శాండో వయస్సు నలభైకి దగ్గర పడుతోంది. రామ్మూర్తికి ఇంకా పాతికేళ్లు నిండలేదు.

ఈ పోటీ జరిగి ఉంటే ఏ విషయంలో జరిగేదన్నది ముందుగా తేల్చవలసిన అంశం. శాండో ఒంటి చేతితో సుమారు 270 పౌండ్ల (122 కిలోల) బరువును తలపైకి ఎత్తాడు. ఇది తూచగల బలం. ఇటువంటి పోటీలో శాండోకే మొగ్గు ఉండేదని చెప్పవచ్చు. రామ్మూర్తి ప్రదర్శనలు మరొక తరహావి. ఏనుగు అడుగు వేసినపుడు పలక ఆ భారాన్ని ఒకేచోట పడనీయక శరీరంపై పరుస్తుంది. పలక అంచులు నేలను తాకితే కొంత భారాన్ని నేల మోస్తుంది. అయినా మిగిలిన భారాన్ని తట్టుకోవడానికి ఎముకల దృఢత్వం, ఊపిరిపై అదుపు, భయం లేని మనస్సు కావాలి. శాండో కూడా తన శరీరంపై పలక వేయించుకొని గుర్రాలను నడిపించేవాడు. కనుక వీరిద్దరినీ నేరుగా పోల్చదగిన అంశం ఈ ఒక్కటే. ఇందులో రామ్మూర్తి ఎంచుకున్న జంతువు పెద్దది.

గామాతో పోలిక

కుస్తీ విషయంలో రామ్మూర్తిని పోల్చవలసినది గామా పహిల్వాన్ (1878 - 1960) తోనే. గామా 1910 సెప్టెంబరులో లండన్‌లో పోలాండు మల్లయోధుడు స్టానిస్లాస్ జిబిస్కోతో రెండు గంటలకు పైగా పోరాడినా ఫలితం తేలలేదు. వారం తరువాత జరగవలసిన పోటీకి జిబిస్కో రాకపోవడంతో గామాను విజేతగా ప్రకటించారు. 1928లో పాటియాలాలో మళ్లీ తలపడినపుడు గామా ఒక్క నిమిషం లోపే గెలిచాడు. పద్దెనిమిదేళ్లుగా తేలని ప్రశ్న అలా గోదాలోనే తేలింది. రామ్మూర్తి కుస్తీలో నిపుణుడే అయినా ఆయన కీర్తి సర్కస్ గుడారంలో సంపాదించినది. గామాకు ఉన్నటువంటి పోటీల చరిత్ర ఆయనకు లేదు. అందువలన కుస్తీలో గామాదే పైచేయి అని భావించడం సమంజసం.

పోలికలోని ఇబ్బందులు

వేర్వేరు కాలాల యోధులను ఊహలో తలపడేటట్లు చేయడం బాక్సింగు అభిమానులకు ఇష్టమైన చర్చ. అక్కడ బరువు తరగతులు ఉండటం వలన ఆ చర్చకు కొంత ఆధారం ఉంది. మిడిల్ వెయిట్ తరగతి పరిమితి 160 పౌండ్లు (సుమారు 72.5 కిలోలు). అమెరికాకు చెందిన హ్యారీ గ్రెబ్ (1894 - 1926), షుగర్ రే రాబిన్సన్ (1921 - 1989) ఇద్దరూ ఈ తరగతిలో ప్రపంచ విజేతలే. అయినా గ్రెబ్ పోరాటాల చలనచిత్రాలు ఏవీ లభ్యం కావు. అతనిని అంచనా వేయడానికి నాటి పత్రికల కథనాలే ఆధారం. రామ్మూర్తి విషయంలో బరువు తరగతి కూడా లేదు. ప్రదర్శనలు చూసినవారి జ్ఞాపకాలు, ప్రచారంలో ఉన్న కథలు మాత్రమే మిగిలాయి.

ప్రభావం

భారతీయులు, ముఖ్యంగా బెంగాలీలు, శారీరకంగా బలహీనులని బ్రిటిష్ పాలకులలో అనేకులు భావించిన కాలమది. 1905లో వందేమాతరం ఉద్యమం మొదలైన తరువాత వ్యాయామశాలలు జాతీయ భావానికి నెలవులయ్యాయి. అటువంటి రోజులలో ఒక భారతీయుని పక్కన శాండో పేరు చేర్చడం ప్రేక్షకులకు గర్వకారణమైంది. భీమ భవానిగా పేరు పొందిన బెంగాలీ బలశాలి భవేంద్ర మోహన్ సాహా యువకునిగా రామ్మూర్తి సర్కస్‌లో చేరి పనిచేశాడు. శాండోను ఓడించే అవకాశం రాకపోయినా, ఇటువంటి శిష్యులను తయారుచేయడం రామ్మూర్తి సాధించిన నిజమైన విజయంగా పేర్కొనవచ్చు.

చివరి రోజులు

సర్కస్‌లో సంపాదించిన ధనంలో చాలా భాగం దానాలకు వెచ్చించాడు. చివరి దశలో కాలికి వ్యాధి సోకడంతో కాలు తొలగించవలసి వచ్చింది. శస్త్రచికిత్స సమయంలో మత్తుమందు తీసుకోలేదని చెబుతారు. 1942 జనవరిలో ఒడిషాలోని బలంగీర్‌లో మరణించాడు. విశాఖపట్నం సముద్ర తీరంలో ఆయన విగ్రహం ఉంది. శ్రీకాకుళంలోని క్రీడా మైదానానికి కోడి రామ్మూర్తి స్టేడియం అని పేరు పెట్టారు.